నీళ్లు పోయని గీటెల్

ఫోను మోగేసరికి హెన్నీ చేతులు మోచేతుల దాకా బంగాళదుంపల నీళ్లలో ఉన్నాయి. బడి వంటింట్లో ఉండగా పొద్దున తొమ్మిదింటికి ఆమెకు ఎవరూ ఫోను చెయ్యరు. చేశారంటే కూతురు తిర్సా మంచు మీద జారి పడైనా ఉండాలి, ఇల్లు తగలబడుతూనైనా ఉండాలి. తడి చేతులు ఆప్రాన్‌కు తుడుచుకునే లోపలే ఆమె మనసు కూతురి కాలు విరగ్గొట్టి, ఆసుపత్రిలో చేర్చి, పిండికట్టు కూడా వేయించేసింది.

"నేనే, బ్లూమాని," అంది అవతలి గొంతు. "గీటెల్ పోయింది. తెల్లవారుజామున. నిద్రలోనేట."

కూతురు కాదు. ముందుగా వచ్చింది ఆ ఊరట. ఆ వెనకే సిగ్గు. దుఃఖం అన్నిటికంటే ఆలస్యంగా వచ్చింది. హెన్నీ గోడకు ఆనుకుని, చావు కబురు విన్నప్పుడు అనవలసిన మాట, న్యాయం తెలిసినవాడికి స్తుతి అనే ఆ చిన్న మాట, పెదవులు కదిలించీ కదిలించకుండా అంది.

"ఏడుపులు తర్వాత," అంది బ్లూమా. ఆవిడకు డెబ్బై నాలుగు, ఎవరి ఏడుపునీ సాగనివ్వదు. "నేల గడ్డకట్టి ఉంది. రేపు గొయ్యి కావాలంటే ఇవాళే చెప్పాలి. మధ్యాహ్నం నువ్వెళ్లి ఆసుపత్రి నుంచి శవాన్ని కడగడానికి మన స్నానపు గదికి తెప్పించు. ఇంకోటి, గీటెల్ తండ్రి పేరేమిటే?"

"నాకేం తెలుసు? మన యూదు సమాజం రిజిస్టరులో ఉంటుందిగా."

"లేదు. అధ్యక్షుడు లియోపోల్డ్‌ని అడిగితే నిన్ను అడగమన్నాడు."

తండ్రి పేరు లేకపోతే కుదరదు. కడగడం అయ్యాక పోయినవాళ్లను ఫలానావారి కూతురా అని పిలిచి, మా చేతుల వల్ల నీకు అవమానం జరిగితే మన్నించు అని అడగాలి. ఆ అడగడం హెన్నీకి నేర్పింది గీటెలే. కుడివైపు ముందు, ఎడమవైపు తర్వాత. కడుగుతున్న చోటు తప్ప మిగతా ఒళ్లంతా కప్పే ఉంచాలి. శవం మీదుగా చేతి నుంచి చేతికి ఏదీ అందించకూడదు, చుట్టూ తిరిగి వెళ్లి ఇవ్వాలి. కిందటి ఆకులు రాలే కాలంలో, ఒకావిడను సాగనంపాక నేల తుడుస్తూ, గీటెల్ నడుం నిలబెట్టుకుని అంది: "నా వంతు వచ్చినప్పుడు నన్ను నువ్వే కడగాలి, హెన్నీ. బ్లూమా చేతులు గరుకు." హెన్నీ అలాంటి మాటలు వద్దంది. చివరికి సరేనంది. మాట ఇచ్చిందంటే ఇచ్చినట్టే.

ఆసుపత్రి నేలమాళిగలో శవాల గది ముందు బెంచీ మీద ఒక యాభై ఏళ్లాయన కూర్చుని ఉన్నాడు. ఒడిలో నీలం ఫైలు. హెన్నీని చూసి లేచాడు.

"మీరు మా అత్తకి తెలిసినవారా? నా పేరు హోకన్."

"నేను గీటెల్‌గారి కోసం వచ్చాను," అంది హెన్నీ. గీటెల్‌కు మేనల్లుడు లేడు. అక్క లేదు, తమ్ముడు లేడు, ఎవరూ లేరు. ఊళ్లో అందరికీ తెలిసిన సంగతి అది.

అటెండరు తలుపు తీసి చక్రాల బల్లను బయటికి లాగింది. మణికట్టుకు కట్టిన చీటీ హెన్నీ కళ్లకు ఎదురుగా వచ్చింది. గున్వర్ ఆల్మా లిండ్వాల్.

"ఈవిడ కాదమ్మా," అంది హెన్నీ. ఆమె ఎప్పుడూ భయపడేది ఇదే. ఆసుపత్రిలో బిడ్డలు మారిపోతారు, రక్తం సీసాలు మారిపోతాయి, ఇదిగో ఇప్పుడు శవాలు. "చీటీలు మారిపోయాయి. చూడండి. మావాళ్లావిడ వేరే."

అటెండరు ముఖం మీది గుడ్డ తీసింది.

గీటెలే. ఎడమ కనుబొమ మీద మచ్చ, ఎప్పుడూ ఏదో లెక్కేసుకుంటున్నట్టు బిగించిన పెదవులు.

"మా అత్తే," అన్నాడు హోకన్ మెల్లగా. ఫైలు తెరిచి ఒక ఫోటో ఇచ్చాడు. చర్చి మెట్ల మీద పదిహేనేళ్ల పిల్లలు వరసగా తెల్ల దుస్తుల్లో. మూడో పిల్ల పెదవులు బిగించి ఉంది. "ఉత్తరాన చేపల రేవు మాది. మా తాత చర్చిలో గంట కొట్టేవాడు, ఆల్మా అన్నది మా నాయనమ్మ పేరు. పంతొమ్మిదో ఏట ఈ ఊరొచ్చింది, ఎవరో ముసలావిడకి తోడుగా ఉండే ఉద్యోగానికి. మళ్లీ రాలేదు. క్రిస్‌మస్‌కి మాత్రం కార్డు రాసేది."

హెన్నీ ఫోటోను రెండు చేతులతో పట్టుకుని నిలబడింది.

"మతం మార్చుకుందేమో. కాగితం ఉంటుంది. వెతకండి."

"వెతికాను. మా ఊరి చర్చి సభ్యత్వం ఇప్పటికీ ఉంది." ఆయన తప్పు తనదే అన్నట్టు చూశాడు. "ఏమైనా ఇబ్బందా?"

ఇబ్బందా! బయటికొచ్చి బస్టాపులో నిలబడ్డాక గానీ హెన్నీకి అది పూర్తిగా తలకెక్కలేదు. నలభై ఏళ్లుగా ఈ ఊళ్లో పోయిన ప్రతి యూదు ఆడమనిషినీ కడిగిన బృందానికి పెద్ద, యూదు మనిషే కాదు. తన తల్లిని కడిగిందీ ఆ చేతులే. ఆరేళ్ల కిందట, మార్చిలో. బస్సు వచ్చింది. డ్రైవరు తలుపు తెరిచి చూసి, మూసుకుని వెళ్లిపోయాడు. హెన్నీ అది కూడా గమనించలేదు.

మర్నాడు రాజధాని నుంచి యూదు మతగురువు, రబ్బీ, రైల్లో వచ్చాడు. ఈ ఊరి సమాజానికి సొంతంగా రబ్బీ లేడు. నూట పదిమంది సభ్యులకు అంత స్తోమత ఎక్కడిది? సమాజం గదిలో పొడుగాటి బల్ల చుట్టూ అయిదుగురు కూర్చున్నారు. రబ్బీ, సమాజం అధ్యక్షుడు లియోపోల్డ్, బ్లూమా, వైద్యం చదువుతున్న డోరిట్, హెన్నీ. మధ్యలో కాఫీ ఫ్లాస్కు, యాలకుల బన్నులు. ఒక్కరూ ముట్టుకోలేదు.

"నలభై ఏళ్లు!" అన్నాడు లియోపోల్డ్. డెబ్బై ఏళ్ల మనిషి, కోపమొస్తే చెవులు ఎర్రబడతాయి. "నలభై ఏళ్లు మన మధ్య కూర్చుని, మన రొట్టె తిని, నోరు మూసుకుంది. దీన్ని మోసం అనకపోతే ఏమంటారు?"

"మన రొట్టె ఎవరు తిన్నారు?" అంది బ్లూమా. "ప్రతి శుక్రవారం రొట్టె చేసి తెచ్చింది ఆవిడే. తిన్నది నువ్వు."

"ఇది హాస్యాలకు సమయం కాదు, బ్లూమా."

హెన్నీకి వాళ్ల మాటలు చెవికెక్కడం లేదు. రాత్రంతా ఒకే ప్రశ్న ఆమెను కూర్చోనివ్వలేదు, పడుకోనివ్వలేదు. పొద్దున తిర్సా పాల గ్లాసు ముందు కూర్చుని, "అమ్మా, రొట్టె పిండిని జడలా అల్లడం నాకు ఆవిడే కదా నేర్పింది. ఇప్పుడు నేనల్లేది తప్పా?" అని అడిగితే, పన్నెండేళ్ల పిల్లకు ఏం చెప్పాలో తెలియక టోపీ పెట్టుకోలేదని కసురుకుని పంపించేసింది.

"రబ్బీగారూ," అంది చివరికి. "మా అమ్మ సంగతేమిటి? శుద్ధి కాకుండానే మట్టిలోకి వెళ్లిపోయిందా?"

లియోపోల్డ్ చెవుల ఎరుపు దిగిపోయింది. ఆయన భార్య పోయి రెండేళ్లు కాలేదు.

రబ్బీ వయసులో హెన్నీ కన్నా చిన్నవాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "కడగడం ఒకటి, శుద్ధి ఒకటి," అన్నాడు. "శుద్ధి అంటే చివర్న మూడు బకెట్ల నీళ్లు ధార తెగకుండా పోసి, ఆమె పరిశుద్ధురాలు అని పలకడం. అది యూదు మనిషే చెయ్యాలి. మీ అమ్మగారికి ఆ నీళ్లు పోసిందెవరు?"

"గీటె..." అనబోయి హెన్నీ ఆగింది. కళ్లు మూసుకుంది. స్నానపు గది, తెల్ల పలకలు, కుళాయి చప్పుడు. ఆ రోజు తను బయట కూర్చుంది, తల్లిని కూతురు కడగకూడదు. కానీ తలుపు సందులోంచి గొంతు వినపడింది. ఆ మాట పలికిన గొంతు బొంగురుగా ఉంది. "బ్లూమా," అంది కళ్లు తెరిచి. "నువ్వు కదూ పోసింది?"

"నేనే. మొదటి బకెట్ నేను, రెండోది దర్జీవాళ్ల ముసలావిడ, మూడోది మళ్లీ నేను."

"గీటెల్?"

"అవతల నిలబడింది. నాకు భుజం నొప్పి, నువ్వు పొయ్యి అంది."

"నాతో మోకాలు అనేది," అంది హెన్నీ.

"నేను చేరిన మొదటి రోజే బకెట్ నా చేతిలో పెట్టింది," అంది డోరిట్. "వణికిపోతున్నాను. నేను పక్కనే ఉంటాగా, పొయ్యి అంది. నాకు నేర్పడానికి అనుకున్నాను. కానీ ఆ తర్వాత పదకొండు సార్లు వెళ్లాను. పదకొండు సార్లూ ఆవిడ బకెట్ ముట్టుకోలేదు."

"మోకాలి నొప్పికీ బకెట్‌కీ ఏం సంబంధమని ఒక్కనాడైనా అడిగామా?" అంది బ్లూమా. ఎవరి ముఖమూ చూడకుండా అంది.

ఒక్కొక్కరి పేరూ తలుచుకుంటూ లెక్కవేశారు. ముప్పై, ముప్పై రెండు, ముప్పై ఏడు. గోళ్లు పుల్లతో శుభ్రం చేసింది గీటెల్. జుట్టు దువ్వింది గీటెల్. నీళ్లు కాచింది, నేల తుడిచింది, శవాలకు తొడిగే కఫన్లు కుట్టింది గీటెల్. శుద్ధి నీళ్లు పోసింది మాత్రం ఒక్కసారైనా గీటెల్ కాదు. ఆ మాట పలికిందీ ఒక్కసారైనా ఆమె కాదు.

"అయితే పోయినవాళ్లకు ఏ లోటూ జరగలేదు," అన్నాడు రబ్బీ. మెల్లగా, ఆయనకే ఆశ్చర్యంగా ఉన్నట్టు. "ఒక్కరికీ."

హెన్నీ బల్ల అంచు పట్టుకుంది. తల్లి తిరిగి తన దగ్గరకు వచ్చినట్టనిపించింది. ఆ వెనకే ఇంకోటి తట్టింది: అయితే గీటెల్‌కు మొదటి నుంచీ తెలుసు. ప్రతిసారీ, ఆ గదిలో నిలబడి, తను ఎక్కడ ఆగాలో అక్కడ ఆగింది.

"తెలిసే చేసిందన్నమాట!" అన్నాడు లియోపోల్డ్. "ఒకసారి నోరు విప్పి చెబితే ఏం పోయింది?"

"ఎవరికి చెప్పాలి?" బ్లూమా ఆయన వైపు తిరిగింది. "రుఖ్లా పోయిన రోజు గుర్తుందా? గీటెల్ తోడున్న ముసలావిడ. గీటెల్ అని పేరు పెట్టిందీ, ఈ పని నేర్పిందీ ఆవిడే. అప్పుడు అధ్యక్షుడు మీ నాన్న. ఊళ్లో ఆడవాళ్లం నలభైమందిమి ఉన్నాం. రుఖ్లాను కడగడానికి రమ్మంటే నేను జ్వరమన్నాను. మీ ఆవిడ ఊళ్లో లేనని చెప్పించింది. హెన్నీ వాళ్లమ్మ కడుపుతో ఉంది, సరే. చివరికి ఎవరిదో కాళ్లు పట్టుకుని నీళ్లు పోయించింది ఆ పిల్లే. మీ నాన్న స్నానపు గది తాళం ఆ పిల్ల చేతిలో పెట్టాడు. నువ్వెవరి కూతురివి అని అడగలేదు. అడిగితే ఇంకో మనిషిని వెతుక్కోవాలి కదా!"

లియోపోల్డ్ బన్ను ఒకటి తీసుకుని, తినకుండా, రెండు ముక్కలు చేసి పళ్లెంలో పెట్టాడు.

హెన్నీ తలొంచుకుంది. తల్లి బతికున్నన్నాళ్లూ తనూ ఈ పనికి రాలేదు. చావు తాకితే ఇంటికి వెంట వస్తుందని, పసిపిల్ల తల్లినని, ఏడాదికో వంక.

రబ్బీ తీర్పు చెప్పాడు. గట్టిగా కాదు. ఆమెను మన నేలలో పెట్టడానికి వీల్లేదు, మన స్నానపు గదికీ తీసుకురాకూడదు. ఆమె మనలో చేరలేదు. చేరని మనిషిని పోయాక చేర్చుకుంటే, అది ఆమె ఒప్పుకోని పని.

"నేను కడుగుతానని మాట ఇచ్చాను," అంది హెన్నీ.

రబ్బీ కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు. "ఆసుపత్రిలో ఒక పెద్దావిడకు స్నానం చేయించొద్దని నేను ఎవరికీ చెప్పలేను, హెన్నీగారూ."

బుధవారం పొద్దున హెన్నీ వెళ్లేసరికి గీటెల్ ఫ్లాట్‌లో హోకన్ అట్టపెట్టెలు కడుతున్నాడు. సాయంత్రం రైలుకి వెళ్లిపోవాలిట. దహనం మూడు వారాల తర్వాత, తనకు సెలవు దొరికినప్పుడు.

"దహనమా?" హెన్నీ ఉన్నచోటే కుర్చీలో కూలబడింది. ఈ దేశంలో అందరూ చేసేదే, తెలుసు. కానీ హెన్నీ ఇంట్లో కాల్చడమన్న మాట పెద్దవాళ్లు పిల్లల ముందు అనేవారు కాదు. నాజీల చేతుల్లో పోయిన ఆమె తాతకు సమాధి లేదు, పొగ తప్ప. "వద్దు బాబూ. మీ చర్చి తోటలో పెట్టండి. ఊరవతల పెట్టండి. ఎక్కడైనా మట్టిలో పెట్టండి. కాల్చకండి."

హోకన్ కాగితం తెచ్చి ఆమె ముందు పెట్టాడు. గీటెల్ చేతిరాత, పొట్టిగా, గట్టిగా. *నన్ను కాల్చండి. బూడిద శ్మశానంలోని పేర్లు లేని తోటలో చల్లండి. ఎవరినీ ఇబ్బంది పెట్టొద్దు.* సంతకం గున్వర్. తారీఖు కిందటి నవంబరు. అంటే హెన్నీ దగ్గర మాట తీసుకున్న వారం తర్వాత.

హెన్నీ ఆ కాగితాన్ని మూడుసార్లు చదివింది. ఇంత గట్టిగా తలుపు వేసుకున్న మనిషి తన దగ్గర అడిగింది ఒక్కటే.

"ఒక్క గంట ఇవ్వండి," అంది. "మేము ఆవిడకు స్నానం చేయిస్తాం."

"ఆసుపత్రిలో చేయించారు కదండీ."

"వాళ్లు తుడిచారు," అంది హెన్నీ.

ఆయన కడుతున్న పెట్టె పక్కన పెట్టాడు. "సరే. నాకేం అభ్యంతరం? మా నాన్న బతికున్నంత కాలం ఈవిడ పేరు ఇంట్లో ఎత్తనివ్వలేదు. పరాయివాళ్ల ఇంట్లో చాకిరీకి పోయిందని." కళ్లు తుడుచుకుని, వెంటనే పనిలో పడ్డాడు. "అన్నట్టు, బీరువాలో ఇవి దొరికాయి. మీవాళ్లవే అనుకుంటాను, పేర్లున్నాయి."

తెల్ల గుడ్డ మూటలు ఏడు. మడత చెదరకుండా, నాడాలతో కట్టి. ఒక్కోదానికీ గుండుసూదితో ఒక చీటీ. హెన్నీకి చూడగానే తెలిసింది అవేమిటో. బ్లూమా. డోరిట్. దర్జీవాళ్ల కోడలు. బతికున్నవాళ్ల కఫన్లు, ముందుగానే కుట్టి పెట్టినవి. ముడులు లేని దారం, జేబులు లేని చొక్కాలు. ఐదో మూట మీద: *హెన్నీ. భుజాలు వెడల్పు. చేతులకు నాలుగు వేళ్లు కలిపాను.*

హెన్నీ చెయ్యి నిప్పు తగిలినట్టు వెనక్కి లాక్కుంది. తన పేరు. తన చావు కొలతలు తీసుకుని, కుట్టించుకుని, మడతపెట్టించుకుని, ఈ బీరువాలో ఎన్నాళ్లుగా కూర్చుందో! తిర్సాకు ఫోను చెయ్యాలనిపించింది, పిల్ల గొంతు వినాలనిపించింది. చెయ్యలేదు. పిల్ల లెక్కల పరీక్ష రాస్తుంటుంది.

మిగతా మూటలు కూడా తిప్పి చూసింది. ఏడింటిలోనూ గీటెల్ పేరు లేదు. గున్వర్ పేరూ లేదు. అందరికీ కుట్టిన మనిషి తనకు కుట్టుకోలేదు.

ఐదో మూట సంచీలో పెట్టుకుని హెన్నీ లేచింది.

శవాల గదిలో మధ్యాహ్నం వెలుతురు పైన చిన్న కిటికీలోంచి వంగి పడుతోంది. హెన్నీ, బ్లూమా, డోరిట్ ముగ్గురూ చేతులు కడుక్కున్నారు. ప్రార్థనలు చదవలేదు, పుస్తకం తేలేదు. డోరిట్ గోరువెచ్చని నీళ్లు తెచ్చింది. హెన్నీ తలతో మొదలుపెట్టింది. కుడి కన్ను, ఎడమ కన్ను, చెవుల వెనక. కుడి చెయ్యి, వేలు వేలుకీ మధ్య. చూపుడు వేలికి సూది పొడిచిన గుంటలు, ఎన్నటికీ పోనివి. కడిగినచోట మళ్లీ గుడ్డ కప్పుతూ, పక్కనున్న తువ్వాలు కావాలన్నా చుట్టూ నడిచి వెళ్లి తెచ్చుకుంటూ. వీపు కడగడానికి పక్కకు తిప్పినప్పుడు గీటెల్ పక్షిపిల్లంత బరువే ఉంది.

కాళ్ల గోళ్లు అయ్యాక హెన్నీ తల తిప్పి చూసింది. బ్లూమా అలవాటు కొద్దీ మూడు బకెట్లు నింపి వరసగా పెట్టేసింది.

ముగ్గురూ ఆ నీళ్ల వైపు చూశారు.

"పోద్దాం," అంది బ్లూమా గొంతు తగ్గించి. "ఇక్కడెవరు చూస్తారు? రబ్బీ రైలెక్కేశాడు."

హెన్నీకి పొయ్యాలని ఎంత ఉందో ఆమెకే తెలుసు. చెయ్యి బకెట్ పిడి దాకా వెళ్లింది. అక్కడే ఆగింది.

"ఆవిడ ఒక్కసారి కూడా పొయ్యలేదు, బ్లూమా," అంది. "ఎవరూ చూడకపోయినా పొయ్యలేదు."

బ్లూమా మొదటి బకెట్ ఎత్తి, వంగి, తూములో వంచేసింది. డోరిట్ రెండోది. మూడోది హెన్నీ. నీళ్లు గుటకలేస్తూ దిగిపోయాయి.

ఒళ్లు తుడిచారు. ఆసుపత్రివాళ్లు బల్ల మీద పెట్టిన కాగితపు చొక్కాను పక్కకు తోసి, హెన్నీ సంచీలోంచి మూట తీసింది. బ్లూమా చీటీ చూసింది. చూసి హెన్నీ మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"ఇది నీదే! నీ పేరుందే దీని మీద!"

"చదివాను."

"దీన్ని కాల్చేస్తారు, హెన్నీ. నీ గుడ్డ నిప్పుల్లోకి పోతుంది. నీకేం పిచ్చా? దారిలో పిల్లి తుమ్మినా ఇంట్లోంచి బయటికి రాని మనిషివి!"

"తెలుసు," అంది హెన్నీ. "పట్టుకో. ఆ చెయ్యి ఎత్తు."

గుండుసూది తీసింది. చీటీని ఆప్రాన్ జేబులో పెట్టుకుంది. టోపీ, చొక్కా, పైజామా, పై అంగీ. అన్నీ పెద్దవే. భుజాలు జారిపోతున్నాయి, చేతులు వేళ్లు దాటి వేలాడుతున్నాయి. హెన్నీ ఒక్కో చేతినీ నాలుగు వేళ్ల మేర లోపలికి మడిచి సరిచేసింది. నడుం చుట్టూ నాడా కట్టి, ముడి వెయ్యకుండా మెలిపెట్టి దోపింది, గీటెల్ చూపించినట్టే.

ఇక మిగిలింది మన్నింపు అడగడం. ముగ్గురూ పాదాల దగ్గర నిలబడ్డారు. ఆ మాటలు హీబ్రూలో నోటికి వచ్చినవే, కానీ హెన్నీ స్వీడిష్‌లో అడిగింది, తన వంటింటి స్వీడిష్‌లో.

"గున్వర్, ఆల్మా కూతురా. మా చేతుల వల్ల నీకేమైనా అవమానం జరిగితే మన్నించు." ఆగింది. అక్కడితో అయిపోవాలి. అయిపోలేదు. "నువ్వెవరివని మేము నిన్ను అడగలేదు. దానికి కూడా."

బయట వసారాలో కుళాయి దగ్గర ముగ్గురూ చేతులు కడుక్కుని, తుడుచుకోకుండా, వాటంతటవే ఆరాలని చేతులు దూరంగా పెట్టుకుని నిలబడ్డారు. నీళ్లు వేళ్ల చివర్ల నుంచి రాతి పలకల మీద పడుతున్నాయి. హోకన్ బెంచీ మీద నుంచి లేచి టోపీ తీశాడు.

"మరి నీకో?" అంది బ్లూమా. ఇంకా కోపంగానే ఉంది, కళ్లు ఎర్రగా ఉన్నాయి. "నీ వంతు వస్తే ఏం కట్టుకుపోతావు?"

హెన్నీ చేతులు అటూ ఇటూ తిప్పి చూసుకుంది. ఇంకా తడిగానే ఉన్నాయి.

"రేపు బడి అయ్యాక గుడ్డ కొనాలి," అంది. "ఆరు మీటర్లు పట్టొచ్చు. నువ్వొచ్చి భుజాలు కొలిచిపెట్టు."